తులసీదాస్ బలరాం: అమ్ముగూడ నుంచి రోమ్ దాకా (ఆయన ఆట, జీవితం మీద చర్చ)

#1 లాలాగూడ రవి

కోచ్ రహీమ్ సాబ్ మీద హిందీలో సినిమా వచ్చినప్పటి నుంచి 1962 భారత ఫుట్‌బాల్ జట్టు గురించి ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. కోచ్ గురించి చాలానే మాట్లాడుకున్నాం. ఆ జట్టులో ఆడిన మన సికింద్రాబాద్ మనిషి తులసీదాస్ బలరాం మీద మాత్రం విడిగా ఒక్క చర్చ కూడా లేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. పుట్టింది అమ్ముగూడలో. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ రెండింటికీ వెళ్లారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం, అదే ఏడాది అర్జున అవార్డు. హైదరాబాద్ జట్టుతో 1956, 1957 సంతోష్ ట్రోఫీలు (రాష్ట్రాల జట్ల మధ్య జాతీయ పోటీ). కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వందకు పైగా గోల్స్. 1963లో ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఆట ఆగిపోయింది, అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు.

పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. ఆ కాలం ముచ్చట వస్తే ముగ్గురి పేర్లూ కలిపే చెప్తారు. మొదటి రెండు పేర్లు చాలామంది విన్నవే. మూడో పేరు మన ఊరిదే అయినా మన దగ్గరే తక్కువమందికి తెలుసు. ఎందుకిలా జరిగిందో మాట్లాడుకుందాం. ఆట గురించి తెలిసినవాళ్లు ఆట గురించి రాయండి, అదే ముఖ్యం.

#2 గోల్‌లైన్

ఆట గురించే అయితే రోమ్‌తో మొదలుపెట్టాలి రవి అన్నా.

1960లో మన గ్రూప్‌లో హంగేరీ, ఫ్రాన్స్, పెరూ. అంతకంటే కష్టమైన గ్రూప్ అప్పట్లో దొరకదు. మొదటి మ్యాచ్ లాక్విలాలో హంగేరీతో. వాళ్ల జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు. ఆ తర్వాత 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడిగా బాలన్ డి'ఓర్ అందుకున్నది అతనే. అంతటి జట్టు మీద మనవాళ్లు 1–2తో ఓడారు. ఆ ఒక్క గోల్ కొట్టింది బలరాం. చివరి పది, పన్నెండు నిమిషాలు మిగిలి ఉండగా పడింది. అక్కడి నుంచి హంగేరీవాళ్లకు టెన్షన్ తప్పలేదు. ఆ ఒలింపిక్స్‌లో హంగేరీ కాంస్యం గెలిచిందని గుర్తుపెట్టుకోండి.

తర్వాత గ్రోసెటోలో ఫ్రాన్స్‌తో 1–1. పీకే గోల్‌తో ముందుకు వెళ్లాం. ఎనిమిది నిమిషాల ఆట మిగిలి ఉండగా వాళ్లు సమం చేశారు. చివరికి పెరూ చేతిలో 1–3. కాగితం మీద చూస్తే మూడు మ్యాచ్‌ల్లో ఒక్క డ్రా. కానీ ఆ తర్వాత ఇప్పటిదాకా భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ గడప తొక్కలేదు. అదే చివరిది.

#3 సుధ వరంగల్

నాకు ఫుట్‌బాల్ అంతగా తెలియదు, చరిత్ర మీద ఇష్టంతో చదువుతున్నాను. బలరాం గారు తెలుగువారేనా? పేరు చూస్తే ఉత్తరాది పేరులా ఉంది, కొన్నిచోట్ల బలరామన్ అని రాస్తున్నారు.

#4 కంటోన్మెంట్ బాబాయ్

సుధ గారూ, తమిళ కుటుంబం. సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల, అంటే తిరుమలగిరి, బొల్లారం, లాలాగూడ, అమ్ముగూడ వైపు తమిళ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. బ్రిటిష్ సైన్యం, రైల్వే వర్క్‌షాపు ఉన్న చోటికి పని కోసం వచ్చి స్థిరపడినవాళ్లు. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, ఉర్దూ. ఆ బస్తీల్లో పెరిగిన పిల్లలకు మూడు భాషలూ నోటికి వచ్చేవి. అందుకని ఆయన్ని ఫలానా భాషవారు అనడం కన్నా సికింద్రాబాద్ మనిషి అనడమే సరైనది.

ఫుట్‌బాల్ అక్కడ ఎందుకు అంత గట్టిగా పాతుకుపోయిందంటే, సైనిక పటాలాలకు సొంత జట్లు ఉండేవి. పరేడ్ మైదానాలు ఉండేవి. సాయంత్రం సోల్జర్లు ఆడుతుంటే గట్టు మీద కూర్చుని చూసిన పిల్లలు మర్నాడు పొద్దున వట్టి కాళ్లతో అదే ఆట ఆడేవాళ్లు. క్రికెట్‌కు బ్యాటు కావాలి, ప్యాడ్లు కావాలి. దీనికి ఒక బంతి చాలు, అది కూడా ఇరవైమందికి ఒకటి. పేద పిల్లలు ఇటు వచ్చారంటే అదే కారణం.

#5 పాత పేపర్

బాబాయ్ వట్టి కాళ్ల మాట ఎత్తారు కాబట్టి బూట్ల సంగతి చెప్పాలి. బలరాం గారి చిన్నతనం గురించి అందరూ చెప్పే కథ ఇది. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పడేసిన పాత బూట్ల తోలు తీసుకుని, చెప్పులు కుట్టే మనిషి దగ్గర కూర్చుని, ఫుట్‌బాల్ బూట్లుగా కుట్టించుకున్నారట.

అది ఆ కాలానికి చిన్న విషయం కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టులో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 1–10తో చిత్తయ్యాక గానీ బూట్లు తప్పనిసరి అని మనవాళ్లకు అర్థం కాలేదు. బలరాం తరం పూర్తిగా బూట్లతో తయారైన మొదటి తరం. 1956లో అదే యుగోస్లావియాతో సెమీ ఫైనల్ ఆడి, ముందు గోల్ మనమే కొట్టి, చివరికి 1–4తో ఓడాం. నాలుగేళ్లలో పదికి ఒకటి నుంచి నాలుగుకు ఒకటి దాకా. ఆ తేడా ఎవరి పుణ్యమంటే సయ్యద్ అబ్దుల్ రహీమ్ పుణ్యం.

రహీమ్ గారు వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన పద్ధతులు వింటే ఇప్పటికీ కోచ్‌లు ముక్కున వేలేసుకుంటారు. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్లతో నడిపిస్తూ అవతలివాళ్లను తప్పించుకు వెళ్లడం, చేయకూడదనే నియమంతో పోటీలు పెట్టేవారు. బంతి వచ్చిందా, వెంటనే ఇవ్వాలి. ఇంకో రకం పోటీల్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. బలరాం గారి ఆటలో రెండు కాళ్లకూ తేడా తెలిసేది కాదని ఎందరో చెప్పారు. అది ఈ బడిలో నేర్చిన విద్యే.

#6 లాలాగూడ రవి

సైకిల్ కథ కూడా చెప్పండి పేపర్ గారూ, అది మీరే బాగా చెప్తారు.

#7 పాత పేపర్

పెద్ద కథేమీ కాదు రవీ. రహీమ్ గారు ఈ కుర్రాణ్ణి చూసి ప్రాక్టీస్‌కు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి రోజూ రావాలంటే దూరం, బస్సుకు డబ్బుల్లేవు. ఆ మాటే చెప్పాడట. సైకిల్ అద్దెకు తీసుకో, డబ్బులు నేనిస్తా అన్నారట రహీమ్ గారు. హైదరాబాద్‌లో అప్పట్లో గంటకింత అని సైకిళ్లు అద్దెకిచ్చే కొట్లు వీధికొకటి ఉండేవి. ఆ అద్దె డబ్బులు పడకపోతే హంగేరీ మీద ఆ గోల్ లేదు.

#8 ఖరగ్‌పూర్ అప్పారావు

అందరికీ నమస్కారం. చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మాది శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లో ఉండిపోయిన కుటుంబం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పుణ్యమా అని ఇక్కడ తెలుగువాళ్లం వేలల్లో ఉన్నాం. మా తాతగారు వర్క్‌షాపులో చేసేవారు. శని, ఆదివారాల్లో రైలెక్కి కలకత్తా మైదానానికి వెళ్లి మ్యాచ్ చూసి రాత్రికి తిరిగి వచ్చేవారు.

బలరాం గారు ఈస్ట్ బెంగాల్‌కు 1957లో వచ్చారు. ఇక్కడ ఈస్ట్ బెంగాల్ అంటే దేశ విభజనలో అటు నుంచి వచ్చిన వాళ్ల క్లబ్బు. ఇల్లూ పొలమూ పోగొట్టుకుని వచ్చినవాళ్లకు ఆ ఎరుపు, పసుపు చొక్కా గెలిస్తే ఆ రాత్రికి అన్నం సయించేది. అలాంటి క్లబ్బుకు బెంగాలీ కాని ఒక దక్షిణాది కుర్రాడు దేవుడైపోయాడు. 1961లో ఆయనే కెప్టెన్. కలకత్తా లీగ్ గెలిచారు, 23 గోల్స్‌తో లీగ్‌లో అందరికంటే ఎక్కువ కొట్టింది కూడా ఆయనే. ఆ ఏడాదే ఐఎఫ్ఏ షీల్డ్ టోర్నమెంటును కలకత్తాలోనే ఉన్న ప్రత్యర్థి క్లబ్బు మోహన్ బాగాన్‌తో పంచుకున్నారు.

మా తాత ఒక్క విషయం పదే పదే చెప్పేవారు. బలరాం బంతి అందుకునే ముందే తల తిప్పి చూసేవాడట. బంతి ఇంకా గాలిలో ఉండగానే ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి. బంతి కాలికి తగిలేసరికి దాన్ని ఎక్కడికి పంపాలో తేలిపోయి ఉండేది. డిఫెండర్ దగ్గరికి వచ్చేసరికి అక్కడ బంతీ లేదు, మనిషీ లేడు. తాత ఈ మాట చెప్తూ వరండాలో లేచి నిలబడి అలా మెడ తిప్పి చూపించేవారు.

తర్వాత 1963లో ఆయన మా రైల్వే జట్టు బీఎన్ఆర్‌కు వచ్చారు. రైల్వే కాలనీ తెలుగువాళ్లంతా మనవాడు వచ్చాడని సంబరపడ్డారట. సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. జబ్బు ఆ ఏడాదే బయటపడింది.

#9 గోల్‌లైన్

అప్పారావు గారూ, ఆ మెడ తిప్పే ముచ్చటకు చాలా థాంక్స్. ఇప్పుడు అకాడమీల్లో దాన్ని స్కానింగ్ అని పేరు పెట్టి పదేళ్ల పిల్లలకు నేర్పుతున్నారు. 1950ల్లో చూసి గుర్తుపెట్టుకున్న మీ తాతగారి కన్ను కూడా గొప్పదే.

#10 మెరైనర్ కిరణ్

నేను మోహన్ బాగాన్ అభిమానిని, కోల్‌కతాలో చదువుకున్న రోజుల నుంచి. బలరాం గారి మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఇక్కడ చునీ దాను తక్కువ చేసేలా మాటలు వెళ్తాయేమోనని ముందే చెప్తున్నా. బంతి కాలికి అంటుకుపోయినట్టు డ్రిబుల్ చేయడంలో చునీ గోస్వామికి సాటి లేరు. 1962లో కెప్టెన్ ఆయన. ఆడినంతకాలం మోహన్ బాగాన్ ఒక్క క్లబ్బుకే ఆడారు. పైగా రంజీ ఫైనల్లో బెంగాల్ క్రికెట్ కెప్టెన్ కూడా. ముగ్గురిలో ఒక్కరిని ఎంచుకోమంటే నా ఓటు ఆయనకే.

#11 కంటోన్మెంట్ బాబాయ్

కిరణ్ బాబూ, ఎవర్నీ తక్కువ చేయడం లేదు. నువ్వు చెప్పినవన్నీ నిజం. కానీ ఒక్క విషయం చూడు. క్లబ్బులో బలరాం ఆడింది ఎక్కువగా లోపలి స్థానాల్లో, గోల్‌కు దగ్గరగా. దేశం జట్టుకు వచ్చేసరికి ఇన్‌సైడ్ లెఫ్ట్, అంటే ఎడమవైపు లోపలి స్థానం, చునీది. మరి బలరాం? ఎడమ చివర, టచ్‌లైన్ పక్కన. అంటే తన స్థానం ఇంకొకరికి వదిలి, తనకు అలవాటు లేని చోట ఆడి, అక్కడ కూడా ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ కొట్టాడు.

పీకే కుడి అంచు వదిలి వేరే చోట ఆడితే పీకే కాడు. చునీని గోల్‌కీ తనకీ మధ్య ఖాళీ లేని చోట నిలబెడితే చునీ కాడు. బలరాం ముందు వరసలో ఎక్కడ నిలబెట్టినా బలరామే. నేను అందరికంటే ఎక్కువ విలువ ఇచ్చేది దానికే. కోచ్‌కు ఇలాంటి ఆటగాడు దొరికితే మిగతా పదిమందినీ వాళ్లకు ఇష్టమైన చోట ఆడించుకోవచ్చు.

#12 మెరైనర్ కిరణ్

ఇది ఒప్పుకోవాల్సిన మాటే బాబాయ్. కానీ నా ఓటు మార్చను.

#13 విశాఖ మూర్తి

#2లో ఫ్రాన్స్ చివర్లో సమం చేసిందని గోల్‌లైన్ రాశారు. దాని గురించి ఒక మాట. అప్పట్లో మన దేశవాళీ మ్యాచ్‌లు 90 నిమిషాలు కావు, 70 నిమిషాలే. ఏడాది పొడవునా 70 నిమిషాల ఆటకు అలవాటుపడిన శరీరాలు ఒలింపిక్స్‌లో ఒక్కసారిగా 90 ఆడాలి. ఫ్రాన్స్ గోల్ 82వ నిమిషంలో పడింది. పెరూ మూడో గోల్ కూడా ఆఖరి నిమిషాల్లోనే. మెల్‌బోర్న్‌లో యుగోస్లావియా నాలుగు గోల్స్ కొట్టింది కూడా రెండో సగంలోనే. నైపుణ్యం చాలక కాదు, కాళ్లలో ఆ చివరి ఇరవై నిమిషాల ఊపిరి లేక.

రహీమ్ గారు ఇది ముందే గ్రహించి క్యాంపుల్లో పరుగులు పెట్టించేవారు. కానీ క్యాంపు అంటే కొన్ని వారాలు. మిగతా సంవత్సరమంతా క్లబ్బుల్లో పాత పద్ధతే. 70 నిమిషాల ఆటను ఫెడరేషన్ 1950ల్లోనే మార్చి ఉంటే రోమ్‌లో క్వార్టర్స్ దాటే జట్టు అది. ఇది నా గట్టి నమ్మకం.

#14 గోల్‌లైన్

మూర్తి గారూ, రోమ్‌లో క్వార్టర్ ఫైనల్స్ లేవు. నాలుగు గ్రూపుల్లో మొదటి స్థానం వచ్చిన నాలుగు జట్లూ నేరుగా సెమీస్‌కు వెళ్లాయి. అందుకే హంగేరీ ఉన్న గ్రూప్ నుంచి బయటపడటం అంత కష్టమైంది. 70 నిమిషాల సంగతి మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం.

#15 సుధ వరంగల్

జకార్తా గురించి ఎవరూ రాయలేదు. అక్కడ మనవాళ్ల మీద జనం కోపంగా ఉన్నారని విన్నాను, ఎందుకు?

#16 లాలాగూడ రవి

సుధ గారూ, ఇండోనేషియా ఆ ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదు. మన దేశానికి చెందిన ఒలింపిక్ పెద్ద జీడీ సోంధీ అది తప్పని బహిరంగంగా అన్నారు. దాంతో జకార్తా జనానికి భారతీయులంటే మంట పుట్టింది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మైదానంలో మనవాళ్లు ఎవరితో ఆడినా స్టేడియం మొత్తం అవతలి జట్టు వైపే.

మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0–2. తర్వాత థాయ్‌లాండ్‌పై 4–1, జపాన్‌పై 2–0. జపాన్ మీద రెండు గోల్స్‌లో ఒకటి బలరాందే. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3–2. జర్నైల్ సింగ్ డిఫెండర్, తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో తలతో బంతి ఆడే పని ఎక్కువ. అందుకే రహీమ్ గారు ఆయన్ని ఏకంగా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు.

సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ అదే కొరియా. లక్షమంది అరుపుల మధ్య పీకే 17వ నిమిషంలో, జర్నైల్ 20వ నిమిషంలో గోల్స్. చివర్లో కొరియా ఒకటి తిరిగి కొట్టింది. 2–1. ఆ స్టేడియంలో మనకోసం అరిచినవాళ్లలో పాకిస్తాన్ హాకీ జట్టువాళ్లు ఉన్నారని ఆటగాళ్లు ఎన్నో ఏళ్లు చెప్పుకున్నారు.

ఆ పదకొండుమందిలో హైదరాబాద్ వాసన ఎంత ఉందో చూడండి. గోల్‌లో పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవారు. యూసుఫ్ ఖాన్ మనవారు. ఎడమ చివర బలరాం. కోచ్ రహీమ్ గారు. ఆ ఫైనల్ జరిగిన ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీమ్ గారు పోయారు.

#17 డాక్టర్ ఉష

గురువుకు ఊపిరితిత్తుల క్యాన్సర్, శిష్యుడికి అదే ఏడాది ఊపిరితిత్తుల జబ్బు. చదువుతుంటే మనసు పిండేసినట్టుంది.

బలరాం గారిది టీబీ అనే చాలాచోట్ల రాశారు. 1963 నాటికి టీబీకి మందులు ఉన్నాయి. స్ట్రెప్టోమైసిన్ వచ్చి పదిహేనేళ్లు దాటింది, ఐసోనియాజిడ్ 1952 నుంచి వాడుతున్నారు. శానటోరియంలో పెట్టకుండా ఇంట్లోనే మందులిచ్చి నయం చేయవచ్చని మద్రాసులో జరిగిన అధ్యయనం 1950ల చివర్లో తేల్చింది కూడా. అంతకుముందు మన వైపు వాళ్లు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం వెళ్లి నెలల తరబడి ఉండేవాళ్లు.

అంటే ప్రాణాలు దక్కే కాలం వచ్చింది. కానీ ఇప్పటిలా ఆరు నెలల కోర్సు కాదు, ఏడాదిన్నర, రెండేళ్లు మందులు మింగాలి. ఇంజెక్షన్లు వేరే. తగ్గాక కూడా ఊపిరితిత్తిలో మచ్చలు మిగలవచ్చు, శ్వాస కుదించుకుపోవచ్చు. ఆఫీసు ఉద్యోగం చేసుకునే మనిషికి అది పెద్దగా తెలియదు. టచ్‌లైన్ వెంబడి గంటన్నర పరుగెత్తే మనిషికి ఆట అయిపోయినట్టే. ఆయన ఎనభై ఆరేళ్లు బతికారంటే వైద్యం బాగానే పనిచేసింది. ఆటను మాత్రం ఏ మందూ తిరిగి ఇవ్వలేకపోయింది.

#18 పాత పేపర్

ఉష గారి మాటతోనే రవి మొదట అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుందని నాకనిపిస్తోంది. చునీ 1960ల్లో కూడా మైదానంలో కనిపించారు, తర్వాత క్రికెట్‌లో కనిపించారు. పీకే ఆట మానేశాక ఈస్ట్ బెంగాల్, మోహన్ బాగాన్ రెండింటికీ పెద్ద కోచ్ అయ్యారు, రెండు తరాలు ఆయన పేరు వింటూ పెరిగాయి. బలరాం గారు జనం కళ్ల ముందు ఉన్నది 1956 నుంచి 1963 దాకా, ఏడేళ్లు. టీవీ లేదు. ఆ ఏడేళ్లలో మైదానంలో కూర్చుని చూసినవాళ్లకే ఆయన ఎవరో తెలుసు. ఆ తర్వాత రైల్వే ఉద్యోగం, కుర్రాళ్లకు కోచింగ్, ఉత్తరపారాలో హుగ్లీ నది దగ్గర ఫ్లాట్‌లో జీవితం.

#19 మైదానం మల్లేష్

పాత పేపర్ గారు చాలా మర్యాదగా చెప్పారు. నేను అంత మర్యాదగా చెప్పలేను. మర్చిపోవడం దానంతట అది జరగలేదు. పీకేకు పద్మశ్రీ ఇచ్చారు, చునీకి పద్మశ్రీ ఇచ్చారు. ఇద్దరూ అర్హులే. వాళ్లతో భుజం భుజం కలిపి ఆడిన మూడో మనిషికి చచ్చేదాకా ఇవ్వలేదు. ఎవరు రాయాలి ఆయన పేరు? మన దగ్గరివాళ్లు బెంగాల్ ఆటగాడు కదా, వాళ్లు రాస్తారులే అనుకున్నారు. వాళ్లు హైదరాబాద్ మనిషి కదా అనుకున్నారు. మధ్యలో మనిషి మిగిలిపోయాడు. ఆయన బాధపడ్డారు, ఆ బాధ దాచుకోలేదు కూడా. ఈస్ట్ బెంగాల్ క్లబ్బుతోనూ చివరి సంవత్సరాల్లో ఆయనకు మనసు కలవలేదు. చనిపోయాక తనను అక్కడికి తీసుకెళ్లవద్దని చెప్పారంటే ఎంత నొచ్చుకుని ఉంటారు?

#20 ఖరగ్‌పూర్ అప్పారావు

మల్లేష్ గారూ, క్లబ్బుతో దూరం నిజమే. అభిమానులతో మాత్రం దూరం లేదు. ఈస్ట్ బెంగాల్ మనుషులు ఆయన పేరు ఇప్పటికీ తలచుకుంటారు. ఇక్కడి పాతతరం టీ కొట్టు దగ్గర ఫుట్‌బాల్ మాట వస్తే బలరాం పేరు రాకుండా ముగియదు. బెంగాల్ పరాయివాడిగా చూసిందంటే మాత్రం ఒప్పుకోను. పెద్దమనుషులు వేరు, గ్యాలరీలో కూర్చునే మనిషి వేరు.

#21 విశాఖ మూర్తి

రాష్ట్రాల విభజనల్లో కూడా కొంత పోయింది. ఆయన సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు పేరు హైదరాబాద్. 1956 నవంబర్‌లో రాష్ట్రమే ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, కొన్నాళ్లకు జట్టు పేరూ మారింది. 1965–66లో ట్రోఫీ గెలిచింది ఆంధ్రప్రదేశ్ జట్టు. రికార్డుల్లో అవి రెండూ వేర్వేరు వరసలు. 2014 తర్వాత మళ్లీ ఇంకో పేరు. ఇప్పుడు ఒక కుర్రాడు తెలంగాణ ఫుట్‌బాల్ చరిత్ర వెతికితే 1956, 1957 గెలుపులు ఎవరి ఖాతాలో చూడాలో తెలియదు.

#22 మైదానం మల్లేష్

అసలు బాధ అది కాదు మూర్తి గారూ. రికార్డులు ఎవరైనా సరిచేసుకోవచ్చు. మైదానాలు పోయాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. ఐదుసార్లు! అలాంటి ఊళ్లో ఇప్పుడు పదేళ్ల పిల్లాడికి బూట్లతో పరుగెత్తే నేల వెతకాలి. మా పిల్లలు ఆడే చోట ఏటా కొంత గోడ ముందుకు వస్తుంది. అనుమతి కోసం తిరిగిన ఆఫీసులో మీ ఆటకు స్పాన్సర్ ఎవరు అని అడిగారు. ఆరో తరగతి పిల్లలకు స్పాన్సర్ ఎక్కడ నుంచి తెస్తాం?

2023లోనే ఫిబ్రవరిలో బలరాం గారు, ఆగస్టు 15న మహమ్మద్ హబీబ్ గారు పోయారు. హబీబ్ 1970 ఆసియా క్రీడల కాంస్య జట్టులో ఉన్నారు. ఆ జట్టు కెప్టెన్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీనే. 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు కలకత్తా వస్తే మోహన్ బాగాన్ 2–2తో నిలబడింది, అందులో హబీబ్ గోల్ ఉంది. ఇద్దరు పెద్దలు ఆరు నెలల తేడాతో పోతే నగరంలో ఒక్క పెద్ద టోర్నమెంటు వాళ్ల పేరున మొదలవలేదు. కడుపు మండదా?

#23 మెరైనర్ కిరణ్

మల్లేష్ అన్నా, కోపం అర్థమవుతోంది. కానీ హైదరాబాద్ పూర్తిగా ఎండిపోలేదు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచింది.

#24 మైదానం మల్లేష్

గెలిచింది కిరణ్, ఆ రోజు నేనూ ఏడ్చాను. తర్వాత డబ్బులు లేక ఏమైందో నీకూ తెలుసు. జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2025లో ఆ క్లబ్బు ఊరే మారి ఢిల్లీ వెళ్లిపోయింది. ఐఎస్ఎల్ టైటిల్ గెలిచిన జట్టు మూడేళ్లకు మన దగ్గర లేదు.

#25 ఇందూరు స్వప్న

ఇక్కడ ఒక మంచి ముచ్చట కలపాలి. మా నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన సౌమ్య గుగులోత్ ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టుకు ఆడింది. 2024–25లో ఆ జట్టు ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు కూడా సౌమ్యకే వచ్చింది. అంటే బలరాం గారు వేసుకున్న అదే ఎరుపు, పసుపు చొక్కాతో మన తెలంగాణ అమ్మాయి ఛాంపియన్ అయింది. మా బడిలో ఆడపిల్లలకు ఈ రెండు పేర్లూ కలిపి చెప్తున్నాను. సౌమ్య పేరు చెప్తే కళ్లు మెరుస్తాయి. బలరాం గారి పేరు చెప్తే వీడియో ఉందా టీచర్ అని అడుగుతారు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎవరి దగ్గరైనా ఏదైనా ఉంటే దయచేసి పెట్టండి.

#26 పాత పేపర్

స్వప్న గారూ, కదిలే బొమ్మలు దొరకడం కష్టం. ఫొటోలు మాత్రం ఉన్నాయి. మా నాన్నగారు అప్పటి ఇంగ్లిష్, ఉర్దూ పత్రికల నుంచి కత్తిరించి అంటించిన పుస్తకం ఒకటి ఇంట్లో ఉంది. జకార్తా నుంచి వచ్చాక జట్టు ఫొటో, సంతోష్ ట్రోఫీ జట్టు ఫొటో అందులో చూసిన గుర్తు. కాగితం పొడిపొడిగా రాలుతోంది, స్కానర్‌లో పెడితే చిరుగుతుంది. ఫోన్‌తో పై నుంచి తీసి ఒక్కొక్కటిగా ఇక్కడే పెడతాను.

#27 లాలాగూడ రవి

పేపర్ గారూ, ఉర్దూ కింద రాసినవి చదివి తెలుగులో రాయడానికి నేను వస్తాను. మల్లేష్ అన్నా, స్పాన్సర్ సంగతి: అమ్ముగూడ, లాలాగూడ, మల్కాజిగిరి వైపు పన్నెండేళ్ల లోపు పిల్లలతో రహీమ్ సాబ్ పద్ధతిలో వాటం లేని కాలి పోటీ పెడదాం, బలరాం గారి పేరున. మా రైల్వే కాలనీ మైదానం అడిగి చూస్తాను. బంతులు, ఆరెంజ్ కోన్లు మా వాళ్ల దగ్గర ఉన్నాయి. అప్పారావు గారూ, మీరు ఖరగ్‌పూర్ నుంచి వచ్చి మీ తాతగారి మెడ తిప్పే పాఠం పిల్లలకు చూపిస్తారా?

#28 ఖరగ్‌పూర్ అప్పారావు

తప్పకుండా వస్తాను రవి గారూ. తేదీ ఖాయం కాగానే చెప్పండి, ఈస్ట్ కోస్ట్‌లో టికెట్ ముందే చేయించుకోవాలి.

#29 మైదానం మల్లేష్

బంతులు సైజు నాలుగు తెండి, ఐదు కాదు. పన్నెండేళ్ల పిల్లలు కదా. మా వైపు నుంచి రెండు జట్లు రాసుకోండి.